డిపాజిట్లు తగ్గాయన్న మాట వెనక అసలు లెక్క

2024 ఆగస్టులో ఒకే వారంలో ఇద్దరు ఒకే సంగతి ఎత్తారు. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ పరపతి విధానం ప్రకటిస్తూ, అప్పులు పెరిగినంత వేగంగా డిపాజిట్లు పెరగడం లేదనీ, జనం పొదుపు వేరే దారులు పడుతోందనీ హెచ్చరించారు. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్, బ్యాంకులు డిపాజిట్లు సేకరించడం, అప్పులివ్వడం అనే తమ అసలు పని మీద దృష్టి పెట్టాలన్నారు. ఇక అక్కడినుంచి పేపర్లలో, టీవీల్లో, వాట్సాప్‌లో అందరిదీ ఒకటే మాట: జనం డబ్బంతా మ్యూచువల్ ఫండ్లలోకి పోతోంది, బ్యాంకుల దగ్గర అప్పివ్వడానికి డబ్బు లేదు.

వినడానికి సబబుగానే ఉంటుంది. ఒక్కో బ్యాంకు వరకు చూసుకుంటే నిజం కూడా. కానీ దేశంలోని బ్యాంకులన్నిటినీ కలిపి చూస్తే ఈ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో అర్థమైతే ఆ తర్వాత ఏడాదిన్నరలో రిజర్వు బ్యాంకు చేసిన పనులు, ఎఫ్‌డీ రేట్లు పడిపోవడం, బంగారం లోన్లు ఎగబాకడం అన్నీ ఒక వరసలోకి వస్తాయి. అర్థం కాకపోతే తప్పంతా ఎస్‌ఐపీ పేరుతో నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో కట్టేవాళ్ళ మీదికి పోతుంది.

మొదట అప్పు ఎలా పుడుతుందో చూడాలి. హైదరాబాద్ మియాపూర్‌లో ఒకరు ఫ్లాట్ కోసం 50 లక్షల హోమ్ లోన్ తీసుకున్నారనుకుందాం. చాలామంది ఊహించేది ఏమిటంటే, ఎవరెవరో దాచుకున్న డబ్బులోంచి 50 లక్షలు తీసి బ్యాంకు ఈయనకు ఇచ్చిందని. అలా అయితే ఎవరి ఖాతాలోనో 50 లక్షలు తగ్గాలి కదా? ఎవరి ఖాతాలోనూ ఒక్క రూపాయి తగ్గదు. రిజిస్ట్రేషన్ రోజున బిల్డర్ ఖాతాలో సొమ్ము పడుతుంది, బ్యాంకు పుస్తకాల్లో రెండు ఎంట్రీలు పడతాయి. ఒకవైపు తనకు రావాల్సిన అప్పు 50 లక్షలు, ఇంకోవైపు బిల్డర్‌కు తాను బాకీ ఉన్న డిపాజిట్ 50 లక్షలు. నిన్నటిదాకా దేశంలో ఎక్కడా లేని 50 లక్షల డిపాజిట్ ఈ రోజు పుట్టింది. దేశంలో మొత్తం డబ్బు ఎంత ఉందో చెప్పే ఎం3 అనే లెక్కలో కూడా అంతే సొమ్ము పెరిగింది. ఆయన ఇరవై ఏళ్ళు ఈఎంఐలు కడుతుంటే, అసలు కింద జమయ్యే ప్రతి రూపాయి ఆ లెక్కలోంచి మళ్ళీ మాయమవుతూ పోతుంది. ఇది ఎవరో కొత్తగా కనిపెట్టిన సిద్ధాంతం కాదు, బ్యాంకు ఆఫ్ ఇంగ్లండ్ 2014లో దీన్ని విడమరిచి రాసింది. బ్యాంకు పుస్తకాలు రాసేవాళ్ళందరికీ రోజూ కనిపించే సంగతే.

మరి బ్యాంకులు డిపాజిట్ల కోసం ఎందుకు అంత పాకులాడతాయి? బిల్డర్ ఖాతా వేరే బ్యాంకులో ఉండొచ్చు కాబట్టి. అప్పుడు లోన్ ఇచ్చిన బ్యాంకు ఆ 50 లక్షలను రిజర్వు బ్యాంకులో తనకున్న ఖాతాలోంచి రెండో బ్యాంకుకు చెల్లించాలి. లోన్ ఆస్తిగా మిగిలింది, చేతిలో నగదు తగ్గింది. ఆ లోటు పూడ్చుకోవడానికి డిపాజిట్ తెచ్చుకోవాలి, లేదా మార్కెట్లో అప్పు తెచ్చుకోవాలి. ఇటు తగ్గింది అటు రెండో బ్యాంకు దగ్గర పెరిగింది, మొత్తం మీద ఏమీ పోలేదు. బ్రాంచి మేనేజర్లకు ఇచ్చే డిపాజిట్ టార్గెట్లన్నీ నిజానికి ఉన్న డిపాజిట్లను పక్క బ్యాంకు నుంచి లాక్కోవడానికి జరిగే పోటీయే. ఆ పోటీ నిజం, ఆ టెన్షన్ నిజం, దానివల్ల వడ్డీ రేట్లు పెరిగేదీ నిజం. దేశంలో డిపాజిట్లు కరువయ్యాయని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం.

ఇదే చూపుతో ఎస్‌ఐపీ వైపు వద్దాం. ఒక ఉద్యోగి సేవింగ్స్ ఖాతాలోంచి నెలకు 10,000 ఫండ్‌లోకి వెళ్తుంది. ఫండ్ సంస్థకూ బ్యాంకు ఖాతానే ఉంటుంది, కాబట్టి డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారింది. ఫండ్ ఆ డబ్బుతో షేర్లు కొంటే అమ్మినవాళ్ళ ఖాతాలో పడింది. కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మే ఐపీఓలో పెడితే కంపెనీ ఖాతాలోనో, వాటా అమ్ముకున్న ప్రమోటర్ ఖాతాలోనో పడింది. ఎన్ని చేతులు మారినా బ్యాంకు డిపాజిట్‌గానే ఉంది. 2024 ఏప్రిల్‌లో నెలవారీ ఎస్‌ఐపీలు 20,000 కోట్లు దాటాయి, అదే ఏడాది డిసెంబరుకు 26,000 కోట్లు దాటాయి. ఆ అంకెలు పక్కనపెట్టి డిపాజిట్ల అంకెలు చూస్తే, 2024 మార్చిలో దాదాపు 205 లక్షల కోట్లున్న బ్యాంకు డిపాజిట్లు 2025 మార్చికి దాదాపు 226 లక్షల కోట్లయ్యాయి. పోయినవి ఎక్కడ?

మారింది డిపాజిట్ల స్వభావం. ఉద్యోగి సేవింగ్స్ ఖాతాలో ఉన్నప్పుడు ఆ 10,000కు బ్యాంకు మూడు శాతం లోపు వడ్డీ ఇస్తే సరిపోయేది, ఆయన దాన్ని పెద్దగా కదిలించేవాడు కాదు. అదే సొమ్ము పెద్ద సంస్థ చేతికి వెళ్ళాక వడ్డీ కోసం బేరమాడుతుంది, రేపే వెళ్ళిపోగలదు. బాండ్ల లాంటి అప్పు పత్రాలు కొనే డెట్ ఫండ్లలో పెట్టిన సొమ్మయితే చాలాసార్లు, డబ్బు తెచ్చుకోవడానికి ఆ బ్యాంకులే అమ్మే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్లలోకి వచ్చి, అదే బ్యాంకుకు ఏడున్నర శాతం ఖరీదు పెట్టిస్తుంది. దానికి తోడు సేవింగ్స్‌లో ఊరికే పడి ఉన్న డబ్బును జనం ఎఫ్‌డీల్లోకి మార్చుకున్నారు, రేట్లు పెరిగాయి కాబట్టి అది తెలివైన పనే. బ్యాంకర్లు కాసా అని పిలుచుకునే కరెంటు, సేవింగ్స్ ఖాతాల చవక డిపాజిట్ల వాటా ఇలా తగ్గుతూ వచ్చింది. అంటే బ్యాంకుల అసలు బాధ చవక డబ్బు కరిగిపోవడం. ఆ సంగతి సూటిగా చెప్పుంటే ఇంత గందరగోళం ఉండేది కాదు.

ఇంకో పొరపాటు కేవలం కూడికలు, తీసివేతల్లో జరుగుతుంది. అప్పులు 16 శాతం పెరిగాయి, డిపాజిట్లు 13 శాతమే పెరిగాయి, మూడు శాతం లోటుంది అని రాస్తుంటారు. కానీ డిపాజిట్లు 100 రూపాయలుంటే అప్పులు 80 రూపాయలే ఉంటాయి. 80 మీద 16 శాతం అంటే 12 రూపాయల 80 పైసలు. 100 మీద 13 శాతం అంటే 13 రూపాయలు. పుట్టిన డిపాజిట్ ఇచ్చిన అప్పుకంటే రవ్వంత ఎక్కువే! శాతాలను శాతాలతో పోల్చి కరువు ప్రకటించే ముందు ఈ చిన్న లెక్క వేసుకుంటే చాలు. పైగా 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ అనే గృహరుణ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయింది. ఆ సంస్థ ఇచ్చిన హోమ్ లోన్లన్నీ రాత్రికి రాత్రి బ్యాంకు రుణాల లెక్కలోకి వచ్చాయి, కానీ ఆ సంస్థ నిధుల్లో చాలా భాగం బాండ్ల ద్వారా తెచ్చినవి, అవి డిపాజిట్ల లెక్కలోకి రావు. దాంతో ఆ ఏడాది రుణాల పెరుగుదల 20 శాతం పైన కనిపించింది, అప్పులకూ డిపాజిట్లకూ మధ్య నిష్పత్తి, అంటే సీడీ రేషియో, ఒక్కసారిగా 80 దగ్గరికి ఎగిరింది. ఒక్కరు కూడా కొత్తగా లోన్ తీసుకోకపోయినా కనిపించే పెరుగుదల అది.

అయితే బ్యాంకుల్లోంచి డబ్బు నిజంగా బయటికి పోయే దారులు లేవా అంటే, ఉన్నాయి. కొన్నే ఉన్నాయి, వాటినే చూడాలి.

ఒకటి, నోట్లు. జనం ఏటీఎంలో డబ్బు తీసి ఇంట్లో పెట్టుకుంటే డిపాజిట్ తగ్గుతుంది. 2025 మార్చికి చలామణిలో ఉన్న నోట్లు దాదాపు 37 లక్షల కోట్లు. ఫోన్‌పే, గూగుల్ పే ఇంతగా వచ్చాక కూడా నోట్లు పెరుగుతూనే ఉన్నాయి. దీని బలం ఎంతో తెలుసుకోవాలంటే 2016 గుర్తు చేసుకుంటే చాలు. నవంబరు 8న రద్దు చేసిన 500, 1000 నోట్ల విలువ 15 లక్షల కోట్ల పైచిలుకు, వాటిలో 99 శాతం పైగా బ్యాంకుల్లోకి వచ్చి పడ్డాయి. డిపాజిట్లు వరదలా వచ్చేసరికి ఏంచేయాలో తోచక, సెప్టెంబరు 16 నుంచి నవంబరు 11 దాకా కొత్తగా పెరిగిన డిపాజిట్ల మీద రిజర్వు బ్యాంకు తాత్కాలికంగా 100 శాతం సీఆర్‌ఆర్ (డిపాజిట్లలో బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటా) విధించింది, అంటే మొత్తం తెచ్చి తన దగ్గర పెట్టమంది. డిపాజిట్లుంటేనే అప్పులు అనే సూత్రం నిజమైతే ఆ ఏడాది అప్పులు ఉరకలు వేయాలి. 2016-17లో బ్యాంకు రుణాల పెరుగుదల 5 శాతం దగ్గరికి పడిపోయింది, ఆరు దశాబ్దాల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. కారణం కళ్ళముందే ఉంది. మొండి బకాయిలు పేరుకుపోయి 2018 మార్చికి మొత్తం అప్పుల్లో స్థూలంగా 11 శాతం దాటాయి, బ్యాంకులకు మూలధనం లేదు, కంపెనీలకు కొత్త అప్పు అడిగే ధైర్యం లేదు. కరోనా ఏడాది 2020-21లోనూ ఇదే కథ, డిపాజిట్లు 11 శాతం పైగా పెరిగాయి, అప్పులు దాదాపు అందులో సగం వేగంతో కదిలాయి. బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, రిజర్వు బ్యాంకు 4 శాతానికి దించినా అప్పు అడిగేవాడు లేకపోతే బ్యాంకు ఎవరికిస్తుంది?

రెండు, ప్రభుత్వం. పన్నులు కట్టినప్పుడు మన ఖాతాల్లోంచి సొమ్ము రిజర్వు బ్యాంకులోని కేంద్ర ప్రభుత్వ ఖాతాకు పోతుంది. ఖర్చుపెట్టేదాకా అది బ్యాంకుల చేతిలో ఉండదు. అడ్వాన్స్ టాక్స్, జీఎస్టీ తేదీల్లో బ్యాంకులు కొద్ది రోజుల అప్పులు తెచ్చుకునే మనీ మార్కెట్ బిగుసుకుపోయేది ఇందుకే. 2024లో ఎన్నికల కోడ్ రోజుల్లో ఖర్చు నెమ్మదించడం కూడా ఈ బిగుతుకు తోడైంది.

మూడోది బ్యాంకుల సొంత మూలధనం, బాండ్లు, లాభాలు. మనం కట్టే వడ్డీ బ్యాంకు లాభంగా మారినంత మేరకు డిపాజిట్ చెరిగిపోతుంది. బ్యాంకు బాండు కొన్నా అంతే. ఇది నెమ్మదిగా జరిగేది కాబట్టి పెద్దగా కనిపించదు, బ్యాంకులు రికార్డు లాభాలు చూపిస్తున్న ఏళ్ళలో మాత్రం చిన్నదేం కాదు.

నాలుగోది డాలరు. 2024-25లో అసలు కథంతా ఇక్కడే ఉంది, అప్పట్లో దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2024 సెప్టెంబరు చివర్లో మన విదేశీ మారక నిల్వలు 700 బిలియన్ డాలర్ల పైన ఉన్నాయి. అక్టోబరులో విదేశీ మదుపరులు దాదాపు లక్ష కోట్ల రూపాయల షేర్లు అమ్ముకుని వెళ్ళారు. వాళ్ళు అమ్మినవాటిలో చాలా భాగం కొన్నది దేశీయ ఫండ్లే, అంటే ఎస్‌ఐపీ డబ్బే. విదేశీ మదుపరి రూపాయలు తీసుకుని ఇంటికి పోలేడు, డాలర్లు కావాలి. అందరూ ఒకేసారి డాలర్లు అడిగితే రూపాయి పడిపోతుంది కాబట్టి రిజర్వు బ్యాంకు తన నిల్వల్లోంచి డాలర్లు అమ్మింది. అలా అమ్మినప్పుడు తీసుకున్న రూపాయలు బ్యాంకింగ్ వ్యవస్థలోంచి పూర్తిగా చెరిగిపోతాయి. 2025 జనవరికి నిల్వలు 630 బిలియన్ల కిందికి వచ్చాయి, బ్యాంకింగ్ వ్యవస్థలో నగదు లోటు ఆ నెలలో 3 లక్షల కోట్లు దాటింది. కాబట్టి ఎస్‌ఐపీలకూ బ్యాంకుల ఇబ్బందికీ సంబంధం బొత్తిగా లేదనలేం, కానీ అది విదేశీ మదుపరి, డాలరు, రిజర్వు బ్యాంకు అనే మూడు మలుపులు తిరిగి వచ్చిన సంబంధం. సేవింగ్స్ ఖాతా ఖాళీ చేసిన ఉద్యోగికి దాంట్లో పాత్ర లేదు.

రోగం ఇదేనని రిజర్వు బ్యాంకుకు తెలుసు, దాని వైద్యం చూస్తేనే తెలుస్తుంది. 2024 డిసెంబరులో సీఆర్‌ఆర్‌ను 4.5 నుంచి 4 శాతానికి తగ్గించి 1.16 లక్షల కోట్లు వదిలింది. ప్రభుత్వ బాండ్లు కొని కొత్త రూపాయలు ఇచ్చింది. జనవరి నెలాఖరున 5 బిలియన్ డాలర్లు, ఆ తర్వాత మార్చిలో 10 బిలియన్ డాలర్లు బ్యాంకుల దగ్గర తాత్కాలికంగా కొని, తర్వాత తిరిగి అమ్ముతానంటూ స్వాప్ చేసుకుంది, అమ్మిన డాలర్లతో పోయిన రూపాయలను డాలర్లు కొనే దారిలోనే వెనక్కి తెచ్చింది. 2025 జూన్‌లో ఇంకో 1 శాతం సీఆర్‌ఆర్ తగ్గింపు ప్రకటించి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాలుగు విడతల్లో 3 శాతానికి తెచ్చింది, దాంతో ఇంకో రెండున్నర లక్షల కోట్లు బ్యాంకుల చేతికొచ్చాయి. ఇందులో ఎక్కడా ఎస్‌ఐపీల ఊసు లేదు.

ఇక అప్పుల వైపు. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు ఇంకో పని చేసింది, డిపాజిట్ల గొడవ కంటే అప్పుల వేగాన్ని ఎక్కువగా తగ్గించింది అదే. పూచీకత్తు లేని పర్సనల్ లోన్ల మీద రిస్క్ వెయిట్‌ను 100 నుంచి 125 శాతానికి పెంచింది. క్రెడిట్ కార్డు బాకీల మీద, ఫైనాన్స్ కంపెనీలకు బ్యాంకులిచ్చే అప్పుల మీద కూడా పెంచింది. అంటే అదే లోన్ ఇవ్వడానికి బ్యాంకు ఇంకా ఎక్కువ మూలధనం కేటాయించాలి. డిపాజిట్లు ఎన్నయినా ఉండొచ్చు, మూలధనం ఖరీదైతే లోన్ ఆగుతుంది. ఫోన్‌లో రెండు నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్‌ల వెనక ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు డబ్బిచ్చేది బ్యాంకులే కాబట్టి ఆ దెబ్బ కింది దాకా తగిలింది. విలీనం లెక్క తీసేస్తే 2024 మార్చిలో 16 శాతం దగ్గర ఉన్న రుణాల పెరుగుదల 2025 మార్చికి 11 శాతానికి, మే నాటికి 10 శాతం లోపలికి దిగింది. అప్పులు నెమ్మదిస్తే ఏమైంది? డిపాజిట్ల పెరుగుదల కూడా 10 శాతం దగ్గరికి దిగింది. అప్పుల నుంచే డిపాజిట్లు పుడతాయనడానికి ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు. నిజంగా అప్పుకూ డిపాజిట్‌కూ పోటీ ఉంటే ఒకటి తగ్గినప్పుడు రెండోది తేరుకోవాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల విషయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దేశం మొత్తం మీద సీడీ రేషియో 80 ప్రాంతంలో ఉంటే, ఈ రెండు రాష్ట్రాల్లోనూ అది చాలా ఏళ్ళుగా 100 దాటే ఉంది. ఇక్కడి బ్రాంచీల్లో ఉన్న డిపాజిట్లకంటే ఇక్కడ ఇచ్చిన అప్పులే ఎక్కువ. పంట రుణాలు, బంగారం మీద లోన్లు, డ్వాక్రా సంఘాల లింకేజీ రుణాలు, హైదరాబాద్ చుట్టూ రియల్ ఎస్టేట్, పెద్ద మౌలిక వసతుల కంపెనీల అప్పులు అన్నీ కలిసిన లెక్క ఇది. గుంటూరు జిల్లాలో మిర్చి రైతు పంట రుణం తీసుకుంటే ఆ సొమ్ము విత్తనాల కంపెనీకి, ఎరువుల కంపెనీకి, పురుగుమందుల డీలర్‌కు పోతుంది. డీలర్ ఖాతా ఊళ్ళోనే ఉండొచ్చు, కానీ కంపెనీ ఖాతా ముంబయిలో ఉంటుంది. అప్పు గుంటూరులో పుట్టింది, దానివల్ల పుట్టిన డిపాజిట్ ముంబయి లెక్కలో తేలింది. ట్రాక్టరు కొన్నా, కారు కొన్నా అంతే. అందుకని సీడీ రేషియో 100 దాటిందంటే ఇక్కడివాళ్ళు పొదుపు చేయరని కాదు. ఇంకోవైపు, 100 దాటడం గొప్ప అని బ్యాంకర్ల సమావేశాల్లో చెప్పుకోవడంలోనూ అర్థం సగమే ఉంది, ఆ అప్పు దేనికి వెళ్ళిందో అడగాలి. పంటకని తీసుకున్న బంగారం లోన్‌తో పాత బాకీ తీర్చిన కుటుంబాలు ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉంటాయో బ్రాంచిలో కూర్చున్న ఫీల్డ్ ఆఫీసర్లకు బాగా తెలుసు.

2025లో రేట్లు దిగడం మొదలయ్యాక భారం ఎవరి మీద పడిందో కూడా చూడాలి. రెపో రేటు ఫిబ్రవరిలో 6.5 నుంచి దిగడం మొదలుపెట్టి జూన్‌కు 5.5, డిసెంబరుకు 5.25 శాతమైంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లను రెపో లాంటి బయటి కొలమానానికి కట్టి ఉంచాలన్న నిబంధన ఉంది, కాబట్టి ఈఎంఐలు త్వరగా తగ్గాయి. పాత ఎఫ్‌డీలు మాత్రం గడువు తీరేదాకా పాత రేటుకే ఉంటాయి. బ్యాంకుకు వడ్డీ ఆదాయం వెంటనే తగ్గింది, వడ్డీ ఖర్చు నెమ్మదిగా తగ్గింది. ఆ తేడాను బ్యాంకులు కొంతైనా ఎక్కడ సర్దుకున్నాయంటే సేవింగ్స్ ఖాతాల దగ్గర. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ వడ్డీ 2025 జూన్‌లో 2.5 శాతానికి వచ్చింది. 2024 జులైలో 7.25 శాతంతో మొదలుపెట్టిన 444 రోజుల డిపాజిట్ స్కీము ఏడాది తిరక్కుండానే 6.6 శాతానికి దిగింది. రిటైరైన దంపతులు 20 లక్షలు ఎఫ్‌డీలో పెట్టుకుని ఆ వడ్డీతో బతుకుతుంటే ఏడాదికి 13,000 రూపాయలు తగ్గినట్టు, ఒక నెల మందుల ఖర్చు అది. ఏడాది క్రితమే డిపాజిట్లు చాలడం లేదని అంత ఆందోళన పడిన వ్యవస్థ, డిపాజిట్ పెట్టినవాడికి ఇచ్చేది తగ్గించడానికి ఏమాత్రం వెనకాడలేదు. నిజంగా కరువున్న సరుకు ధర అలా పడదు. మదుపు చేసేవాళ్ళని ఫండ్లకు పోతున్నారని తప్పుపట్టడం అన్యాయం అనేది ఇందుకే.

ఇక 2025లో కొత్త అప్పు ఎక్కడ పుట్టింది? బ్యాంకుల దగ్గర బంగారు నగల మీద లోన్లు 2025 మార్చి నాటికి ఏడాదిలో రెట్టింపయ్యాయి. కొన్ని పంట రుణాలను ఈ పద్దులోకి మార్చడం వల్ల కొంత, బంగారం ధర పెరగడం వల్ల ఇంకొంత పెరిగినా, పూచీకత్తు లేని లోన్లను బిగించాక జనం తాకట్టు వైపు మళ్ళారన్నది కాదనలేం. మొత్తం రుణాల పెరుగుదల 2025 చివరికి మళ్ళీ 11 శాతం పైకి చేరింది, ఫ్యాక్టరీలు కట్టే పెద్ద కంపెనీల అప్పులు మాత్రం అంత వేగంగా పెరగలేదు. 2026 ఏప్రిల్ 1 కల్లా అమల్లోకి రావాలని పెట్టిన కొత్త నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు లోన్లకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు, అంతకుముందు 75 శాతమే. అసలూ వడ్డీ గడువు చివర్లో ఒకేసారి కట్టే లోన్లకైతే, ఆ లెక్కలో వడ్డీతో కలిపి చివర్లో కట్టాల్సిన మొత్తాన్ని చూడాలి. చిన్న మొత్తం అవసరమైన కుటుంబానికి ఇది మేలే, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళే అవసరం తప్పుతుంది. కానీ బంగారం ధర 15 శాతం పడితే ఆ చిన్న లోన్ల దగ్గర బ్యాంకుకూ, తాకట్టు పెట్టిన కుటుంబానికీ మధ్య మిగిలే మార్జిన్ సున్నా.